సీసాల డాక్టరమ్మ

"ఇది నీదేనా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నాదే. పేరు రాసుంది కదా," అన్నాడు మొండోడు.

ఆవిడ అతని మొహం చూసింది, సీసా చూసింది. ఇంకేమీ అడక్కుండా చీటీ అంటించి ట్రేలో పెట్టింది.

మొండోడు బయటికొచ్చి కన్నుగీటాడు. వరుసలో నిలబడ్డవాళ్లు నవ్వాపుకోలేక చచ్చారు. సీసాలో ఉన్నది రెండో తరగతి చదివే అతని కూతురి మూత్రం.

అది థర్మామీటర్ల ఫ్యాక్టరీ. ఫిల్లింగ్ రూములో గాజు గొట్టాల్లో పాదరసం నింపడం మొండోడి పని. నెలనెలా డాక్టరమ్మ మూత్రపరీక్ష చేయిస్తుంది. పాదరసం హద్దు దాటిందంటే ప్యాకింగుకు పంపేస్తుంది. ఫిల్లింగు పనికిచ్చే అలవెన్సు అక్కడ ఉండదు. అలవెన్సు లేకపోతే మొండోడి ఇల్లు గడవదు. మిగతావాళ్ల సంగతీ అంతే. అందుకే ఆ రూములో పదకొండు మందీ ఇంట్లోవాళ్ల మూత్రం పట్టుకొచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు.

"అంత చదువు చదివింది, ఇది కనిపెట్టలేకపోతోంది," అని టీ తాగుతూ జాలిపడేవారు.

వారం తిరక్కుండా డాక్టరమ్మ మొండోణ్ణి పిలిచింది.

"నీది హద్దుకి రెండింతలుంది. రేపట్నుంచి ప్యాకింగు."

అదెలా కుదురుతుంది? పిల్ల ఫ్యాక్టరీ గేటు కూడా చూడలేదు. నిజం చెబితే ఉద్యోగమే పోతుంది. అయినా తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కదా, తప్పంతా పరీక్షదే అని తీర్మానించేశాడు.

"మీ మిషనుకే జ్వరమొచ్చినట్టుంది, చూపించుకోండి," అన్నాడు.

ఆవిడ కోప్పడలేదు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపొస్తోందా, రాత వంకర పోతోందా అని అడిగింది. ముప్పై అయిదేళ్ల మగాణ్ణి పట్టుకుని అడిగే ప్రశ్నలా అవి? మొండోడికి ఒళ్లు మండింది.

"వంతెన పక్కనున్న ఆసుపత్రిలో నా స్నేహితురాలుంది. ఆదివారం వెళ్లు. ఇంట్లోవాళ్లని కూడా తీసుకెళ్లు," అందావిడ.

వెళ్తే మొండోడెందుకవుతాడు?

ఆ మర్నాటి నుంచి ఇంకో గోల. పని బట్టలు, చెప్పులు ఫ్యాక్టరీలోనే వదలాలి, స్నానం చేస్తేనే ఇంటికి పోనిస్తానని డాక్టరమ్మే గేటు దగ్గర కాపలా నిలబడింది. మా ఇళ్లల్లో నీళ్లు లేవనుకుందా అని అందరూ సణుక్కుంటూనే స్నానానికి పోయారు. మొండోడు మాత్రం పంతానికి పని బట్టల్తోనే వెనక గోడ దూకి ఇంటికి పోయాడు. గుమ్మంలోనే కూతురు వచ్చి రోజూలాగే కాళ్లు చుట్టేసుకుంది.

ఈలోగా సీసాల సంగతి యజమాని చెవిన పడింది. డాక్టరమ్మను పిలిపించాడు. తలుపు సగం తెరిచే ఉంది. బయట పదకొండు మందీ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"ఎవరెవరు మార్చారో చెప్పండి. వాళ్లను పంపించేస్తాను. పరీక్షలన్నీ చెల్లవని రాసుకుందాం. మీ ఉద్యోగం మీకుంటుంది."

"ఎవరూ మార్చలేదు."

"నాకు తెలుసమ్మా, మార్చారు."

"మార్చలేదనే రాస్తాను. మీరు ముందు ఆ బట్టలు ఇళ్లకు పోకుండా చూడండి."

"ఇంత మోసం కనిపెట్టలేని డాక్టరు మాకెందుకు?"

"అక్కర్లేకపోతే తీసెయ్యండి. నా మాట మాత్రం మారదు."

తీసేశాడు. బయట నిలబడ్డవాళ్లు బతుకు జీవుడా అనుకున్నారు. యజమాని చెప్పినా నమ్మలేదు చూడు, ఎంత అమాయకురాలో అని నవ్వుకున్నారు కూడా. కొత్త డాక్టరు తలెత్తకుండా అందరూ బాగానే ఉన్నారని సంతకం పెట్టేశాడు. మొండోడు మళ్లీ ఫిల్లింగ్ రూముకొచ్చాడు.

నెల గడిచింది. కూతురి చేతిలో పెన్సిలు నిలవడం లేదు. అన్నం ముద్ద నోటిదాకా పోయేలోపు ఒలికిపోతోంది. రాత్రంతా ఏడుపు. మొండోడి భార్య ఇక ఊరుకోలేదు.

"నీ పంతం పాడుగాను, ఆవిడ చెప్పిన ఆసుపత్రికే పద," అని పిల్లను చంకనేసుకుని ముందు నడిచింది.

వంతెన పక్కన బోర్డు చూసి మొండోడు ఆగిపోయాడు. అది పిల్లల ఆసుపత్రి.

లోపలున్న డాక్టరు పిల్ల వేళ్లు చాపించి చూసింది. ఫిల్లింగ్ రూమా అని అడిగింది. అతను తలూపాడు.

"నీ బట్టలకంటుకుని ఇంటికొచ్చిన పాదరసమే ఇది. నెల ముందే రావాల్సింది. తగ్గుతుంది, కానీ చాలా రోజులు పడుతుంది."

"ఫిల్లింగ్ రూమని మీకెలా తెలుసు?"

"మీ డాక్టరమ్మ చెప్పింది. ఇళ్లల్లో పిల్లలకు పరీక్ష చేయనివ్వమని మీ యజమానితో ఏడాదిపాటు పోట్లాడింది. ఆయన ఒప్పుకోలేదు. తీరా మీరే ఇంట్లోవాళ్లది తెచ్చి ఇస్తుంటే, తెలిసీ ఒక్క సీసా కూడా వెనక్కి పంపలేదు."

"ఆవిడ ఇప్పుడెక్కడుంది?" అని మొండోడి భార్య అడిగింది.

"ఇంట్లోనే. సీసాలు మారినా తెలుసుకోలేని డాక్టరని పేరు పడింది కదా, ఎవరూ పనివ్వడం లేదు. ఆ పేర్లు చెప్పేసి మచ్చ తుడుచుకోవే అంటే, పదకొండు ఇళ్ల పొయ్యిలార్పి తుడుచుకోవాలా అంటోంది."