కుందేలు పెట్టె

నాలుగో రోజు పొద్దున నా కుందేలు పెంటికలు వేసింది. చీమిడిలా జిగురుగా, కుళ్లు కంపు కొడుతున్నాయి. బొచ్చుకు అంటుకున్నదాన్ని వేళ్లతో తీస్తుంటే డోకొచ్చింది. అంతా వంటపాక వెనక పారేశాను.

కడుపు బిగుసుకుపోయి అది మూడు రోజులు ఏమీ తినలేదు. గడ్డి నూరి, సిరంజితో నోట్లో పోస్తూ, పొట్ట రుద్దుతూ కూర్చున్నాను. గుండ్రటి గట్టి పెంటికలు పడితే బతికినట్టేనన్నాడు పశువుల డాక్టరు.

మా ఆయన లింబాని రోజూ ముక్కు మూసుకుని పెట్టెలోకి తొంగిచూసేవాడు. "ఏమే, నీ బిడ్డ వేసిందా?" అని నవ్వేవాడు. ఆయనకూ దానిమీద ఇంత ప్రేమ ఉందా అని మురిసిపోయాను.

ఐదో రోజు పెట్టెలో బఠాణీల్లాంటి పెంటికలు కనిపించాయి. చెబుదామని పరుగెత్తాను. ఆయన గుమ్మంలో కత్తి నూరుతున్నాడు.

"ఆదివారం జొంబా నుంచి మామయ్య వస్తున్నాడే. ఎన్సిమా ముద్దలోకి కుందేలు కూరంటే ప్రాణం ఆయనకి. జబ్బుదాన్ని పెడితే పరువు పోతుంది. గట్టిగా వేసిందా లేదా?" అంటూ పెదాలు నాక్కున్నాడు.

ఎదురు చెప్పడం నాకు చేతకాదు.

"చూసొస్తానండీ."

గట్టి పెంటికలు ఏరి పొయ్యిలో వేశాను. వంటపాక వెనక నిన్న పారేసిన జిగురును ఒట్టి చేత్తో ఎత్తి తెచ్చి పెట్టెలో పులిమాను.

ఆయన వచ్చి చూశాడు. "థూ! ఇది బాగుపడేది కాదు. కోడినే కొయ్యి."

కంపు కొట్టే చేతిని, ఒంటికి చుట్టుకున్న చితెంజె మడతలో దాచుకుని, "అలాగేనండీ" అన్నాను.