పోర్ట్ సైడు పులుసు

ఆ వారం వెంకటి చేయాల్సిన పనులు మూడు. ఓడ భాగాల పేర్లు నేర్చుకోవాలి. గురువారం ఫోర్‌మన్ పెట్టే పరీక్ష పాసవ్వాలి. ఈలోగా, ఎవరి కంటా పడకుండా అమ్మిరాజు క్యారియర్‌లోని చేపల పులుసు కొట్టేయాలి.

మూడోది ఒక్కటే తేలిగ్గా కనిపించింది.

1994. బహ్రెయిన్‌లో ఓడలు బాగుచేసే ఒక యార్డు. జగిత్యాల వైపు నుంచి కొత్తగా వచ్చిన వెంకటిని, పరీక్ష తప్పితే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, వెనక్కి పంపేస్తాడు. అతనికి పాఠం చెప్పే బాధ్యత నరసాపురం అమ్మిరాజు మీద పడింది.

తెల్లవారకముందే చన్నీళ్లు పోసుకుని డ్యూటీకి వచ్చే అమ్మిరాజు, డెక్కు మీద నిలబెట్టి చెప్పేవాడు.

“ముందున్న ముక్కు బౌ. వెనక భాగం స్టెర్న్. బౌ వైపు చూస్తే నీ ఎడం పక్క పోర్ట్, కుడి పక్క స్టార్‌బోర్డ్. ఇప్పుడు వెనక్కి తిరుగు. పోర్ట్ ఎటు?”

వెంకటి మళ్లీ ఎడమ చెయ్యే చూపించాడు.

“నీ ఎడం కాదెహె, ఓడ ఎడం! నువ్వు తిరిగితే ఓడ కూడా తిరుగుద్దేంట్రా?”

“నేను తిర్గితె నా ఎడమ తిర్గుతది గదనే, రాజన్నా.”

“మెస్సుకైతే కళ్లు మూసుకుని వచ్చేస్తావు. డెక్కు మీదేంట్రా నీకీ తిప్పలు?”

ఆ మధ్యాహ్నం అమ్మిరాజు తన జోడీ భీమరాజు చెవిలో ఒక మాట చెప్పాడు. చెవిలో అంటే, సగం డెక్కుకు వినపడేలా.

“వంజరం పులుసు తెచ్చాను. స్టెర్న్ దగ్గర, పోర్ట్ సైడు, తాళ్ల చుట్ట వెనకాల దాచా. ఎవడికీ చెప్పకు.”

పక్కనే తుప్పు గీకుతున్న వెంకటి విన్నాడు. మెస్సులో పప్పూ ఖుబూస్ రొట్టే తిని నోరు చచ్చిపోయి ఉంది. స్టెర్న్ వైపు నడిచి ఎడమకు తిరిగాడు. రంగు డబ్బాలు తప్ప ఏమీ లేవు. కాసేపు ఆలోచించి, బౌ వైపు తిరిగి నిలబడ్డాడు. ఓడ ఎడం! అటు పరిగెత్తాడు. చుట్ట వెనక క్యారియర్ ఇంకా వెచ్చగా ఉంది.

పులుసు అద్భుతం. ఉప్పే లేదు.

“నా కూర ఎవడో నొక్కేశాడ్రా!” అని అమ్మిరాజు డెక్కు అదిరేలా అరిచాడు. మర్నాడు చోటు మార్చాడు. బౌ దగ్గర, స్టార్‌బోర్డ్ సైడు, లంగరు గొలుసు పక్కన. అదీ భీమరాజుకు రహస్యంగానే చెప్పాడు. వెంకటి ఈసారి తడుముకోలేదు. పులుసు ఉప్పు కషాయం.

“గింత పనిమంతుడు, ఉప్పు సూసుకోడా?” అని గొణుక్కుంటూనే క్యారియర్ ఊడ్చేశాడు.

గురువారం ఫోర్‌మన్ అతన్ని స్టెర్న్ వైపు తిప్పి నిలబెట్టాడు. పోర్ట్ ఎటు? తాళ్ల చుట్ట కళ్ల ముందు మెదిలింది. వెంకటి కుడి చెయ్యి దానంతటదే లేచింది. స్టార్‌బోర్డ్ బౌ? నోట్లో నీళ్లూరాయి. ఎడమ భుజం మీదుగా వెనక్కి చూపించాడు.

“ఖలాస్. పాస్!”

పాసైన సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పాఠం చెప్పినవాణ్నే పస్తు పెట్టానన్న బాధ పట్టుకుంది. వేయించిన చేప పొట్లం కట్టించుకుని అమ్మిరాజు గదికి వెళ్లాడు.

“రాజన్నా, దొంగను నేనే. గిది తిని నన్ను మాఫ్ జెయ్యి.”

అమ్మిరాజు మంచం ఆ చివరకు జరిగిపోయాడు. “అవతల పెట్టరా బాబూ! కార్తీకమాసం. నెలంతా నీచు ముట్టను.”

“మరి గా పులుసు?”

“ముందు పోర్ట్ ఎటో చెప్పరా,” అన్నాడు అమ్మిరాజు నవ్వు ఆపుకుంటూ.

మీరెప్పుడైనా ఓడెక్కి, ఎడమా కుడీ తేలక తికమకపడితే, ఒక్క శిష్యుడి కోసం ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఉప్పు చూడకుండా రెండు రోజులు పులుసు వండిన అమ్మిరాజును ఒకసారి తలుచుకోండి.