ఉలి చప్పుడుకు టికెట్టు

ఇంటింటికీ గాల్లో వెలుతురుతో రూపుకట్టే వెలుగుబొమ్మలు వచ్చాక, జనం దానమిచ్చేసిన రాతిబొమ్మలన్నీ ఆళ్లగడ్డలో శిల్పి ఓబుళమ్మ షెడ్డుకు చేరాయి. వాటిని బాగుచేసి కొత్త చోట్లకు పంపడానికి డబ్బు కావాలి. అందుకని ఆమె తన ఉలి చప్పుడుకు టికెట్టు పెట్టింది. ఆ చప్పుడు ఎన్నడూ విననివాళ్లు బారులు తీరారు.

ఆరోజు చెయ్యి విరిగిన నాట్యకత్తె బొమ్మ వంతు. రాళ్లను పరీక్షించే యంత్రం, "లోపల పగులుంది. పారేయండి," అంది.

ఓబుళమ్మ సుత్తితో మెల్లగా తట్టింది. రాయి గంటలా ఖంగుమంది.

"పగిలిన రాయి ఇట్ల మోగదు. మా నాయన చెక్కిన బొమ్మ ఇది," అందామె.

ముందు వరసలోని పంతులమ్మ లేచి నిలబడింది. "చెయ్యి అతికినాక మా బడికియ్యక్కా."

"ఇంకోసారి తట్టండి, వింటాను," అంది యంత్రం.

"టికెట్టు తీసుకోని రా పో," అంది ఓబుళమ్మ.