గొంగడి మూల దారం

గుమాస్తా రిజిస్టరు మూసేశాడు.

“మల్సూర్ అనేటోడు గీడ లేడమ్మా.”

“ఇంకొక్కపారి సూడు సారూ. మా తమ్ముడు. పందొమ్మిదేండ్లు.”

“మూడుసార్లు సూసిన. ఇగ జరుగు.”

ఈదమ్మ జొన్నరొట్టెల మూట పట్టుకొని సూర్యాపేట శిబిరం కంచె పక్కకు జరిగింది.

రజాకార్ల భయానికి మల్సూర్ నిరుడు నైజాం హద్దు దాటి నడిగూడెం పారిపోయి కాందిశీకుల్లో తలదాచుకున్నాడు. ఇండియా మిలిటరీ వచ్చి రజాకార్లను అణచాక, హుజూర్‌నగర్ పక్కనున్న తన ఊరికి బయలుదేరాడు. ఆ దారిలో చేతికర్రా గొంగడీ ఉన్న పడుచువాళ్లందరినీ మిలిటరీ వాళ్లు కమ్యూనిస్టు దళాల వాళ్లన్న అనుమానం మీద పట్టుకుపోయారు.

ఊరిపెద్ద వెంకటనర్సయ్య జామీను ఉంటానన్నాడు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాడు.

“మోకాళ్ల నొప్పులోణ్ని, శిబిరాలున్న మూడూళ్లు తిరగలేను బిడ్డా. సూర్యాపేటనో, కోదాడనో, మిర్యాలగూడనో తెలుసుకొని రా. గాడికే వస్త.”

పున్నమి పున్నమికీ జామీను దొరకని కొందరిని గుల్బర్గా జైలుకు పంపేస్తారట. పున్నమి ఇంకా పన్నెండు రోజులుంది.

బియ్యం బస్తాల బండి ఒకటి గేటు ముందు ఆగింది. తోలే ముసలాయన ఒంటి మీద పాత ఖాకీ కోటు. సెంట్రీ నవ్వుతూ ఆయనకొక బీడీ ఇచ్చాడు.

ముసలాయన ఈదమ్మ దగ్గరకు వచ్చాడు.

“ఎవరి కోసం బిడ్డా?”

ఆమె మూటను దగ్గరకు లాక్కుంది.

“పేర్లతోని దొరకరు. మిలిటరీ ఊరి మీద పడతదని లోపలి పోరగాండ్లంత తప్పుడు పేర్లు చెప్పిండ్రు. నీ మనిషి గొంగడి మూలకు ఏ దారమున్నది?”

గొంగళ్లన్నీ ఒకే నలుపు. ఎవరిది వాళ్లు గుర్తుపట్టడానికి ఇంటి ఆడవాళ్లు మూలకు ఒక రంగు దారం కుడతారు. పరాయివాళ్లకు ఆ సంగతి చెప్పే పని ఎప్పుడూ పడదు.

ఈదమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. తప్పుడు పేర్లని ఇతనికెలా తెలుసు? మిలిటరీ బీడీ తాగేవాడికి ఆనవాళ్లెందుకు?

“నాకు ఎవ్వరూ లేరు.”

“మరి ఆ రొట్టెలు?”

“నేను తినేటందుకు.”

“గన్ని ఒక్కదానివేనా?”

“నాకు ఆకలెక్కువ.”

ముసలాయన బండి వైపు తిరిగిపోయాడు.

రెండు రోజులు నడిచి ఆమె కోదాడ చేరింది. అక్కడి రిజిస్టరులోనూ మల్సూర్ లేడు. బయటికి వస్తే ఎదురుగా అదే బండి.

“ఎక్కు బిడ్డా. కాళ్లు పగిలినయి.”

“పగిలితే నావే గద.”

“నీ నోరు సల్లగుండ. దారం రంగన్న చెప్పు.”

ఇతను వదిలేలా లేడు. తప్పుదారి పట్టిస్తే పీడ పోతుందనుకుంది.

“తెల్లది,” అంది.

తమ్ముడి గొంగడికి తన చేత్తో కుట్టింది ఎర్రదారం.

ముసలాయన తల ఊపి ఎడ్లను సూర్యాపేట వైపు మళ్లించాడు.

మిర్యాలగూడ రిజిస్టరులోనూ పేరు లేదు. వెతకడానికి ఇంకో ఊరు లేదు. ఈదమ్మ ఆ గేటు దగ్గరే కూర్చుండిపోయింది. రొట్టెలు గట్టిపడ్డాయి. నీళ్లలో నానబెట్టుకొని తింది.

నాలుగో రోజు ఆ బండి వచ్చింది. ఆమె లేచి పోబోయింది.

“ఆగు బిడ్డా. తెల్లదారం కోసం సూర్యాపేట శిబిరమంత దేవులాడిన. ఒక్కనికీ లేదు. గదుమ మీద పచ్చబొట్టు, మిరపకాయ నోరు అని నీ గుర్తులు చెప్పిన. ఒక పోరడు పక్కున నవ్విండు. కొత్తోనికి నిజం చెప్పలేదంటే మా అక్కనే అన్నడు. గిది ఇచ్చిండు.”

కోటు జేబులోంచి చెయ్యి తీశాడు. అరచేతిలో ఎర్రదారం ముక్క.

ఈదమ్మ ఆ దారాన్ని కొంగు చివర ముడేసింది. ముడి పడటానికి చాలాసేపు పట్టింది.

“ఇప్పుడన్న బండెక్కుతవా? హుజూర్‌నగర్ల దింపుత.”

ఈసారి ఎక్కింది.

పున్నమికి రెండు రోజుల ముందు, సూర్యాపేటలో వెంకటనర్సయ్య జామీను కాగితం మీద సంతకం పెట్టాడు. మల్సూర్ గొంగడి కప్పుకొని బయటికి వచ్చాడు. దాని మూల బోసిగా ఉంది.

“రొట్టెలేవక్కా?”

“నేనే తిన్న. నాకు ఆకలెక్కువ,” అంటూ తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

ఎండలు ముదరకముందే ఈదమ్మ ఒక కొత్త గొంగడి కొంది. మూలకు ఎర్రదారం కుట్టింది. తమ్ముణ్ని వెంటబెట్టుకొని సూర్యాపేట వచ్చింది.

శిబిరం ఎత్తేస్తున్నారు. గుమాస్తా రిజిస్టర్లు ట్రంకుపెట్టెలో సర్దుతున్నాడు.

“బండితాత ఏడి సారూ?”

“ఎల్లిపోయిండమ్మా. మూడు శిబిరాలల్ల మిగిలిన పోరగాండ్లనందరిని వాళ్లవాళ్లకు సూపించిండు. నిన్న ఆఖరోడు ఇంటిబాట పట్టంగనే ఎడ్లను కట్టిండు.”

“ఏ ఊరు?”

“చెప్పలె.”

“మిలిటరీ నౌకరే గద, కాగితాలల్ల ఉండదా?”

“నౌకరు కాదు. లోపలికి పోవొచ్చని కిరాయికి బియ్యం మోసిండు.” గుమాస్తా చేతులు ఆగాయి. “మొదట నీలెక్కనే రొట్టెల మూటతోని వచ్చిండు. కొడుకు పేరు చెప్పిండు. రిజిస్టరుల లేదని మూడుసార్లు నేనే తిప్పి పంపిన.”

“మరి దొరికిండా?” అన్నాడు మల్సూర్.

గుమాస్తా పెట్టె మూత మెల్లగా దించాడు.

“లోపల్నే ఉండె, వేరే పేరుతోని. జరమొచ్చి సచ్చిపోయినంక సామాన్లు బయటికి తెస్తే, గొంగడి మూలకున్న నీలం దారం సూసి ముసలాయన కొడుకును గుర్తుపట్టిండు.”