నాలుగు మ్యాగజైన్లు

"చూడు, మళ్ళా ఇరుక్కునింది!" దొరైస్వామి విసుగ్గా పిస్తోలులోంచి గుండ్లు నింపే మ్యాగజైన్ లాగి బల్ల మీద పడేశాడు.

అది ఏదో గుర్తుపట్టాలని కూతురు నిర్మల మెడ చాచేలోపే, దాన్ని మిగతా మూడింటితో కలిపేశాడు. నాలుగూ డూప్లికేట్ సరుకే, ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. పైఅంచు మీద బొటనవేలు పెట్టి తడిమి ఏది ఏదో చెప్పగలిగినవాడు ఆ క్లబ్బులో ఒక్క దొరైస్వామే. ముప్పై ఏళ్ళు పోలీసు తుపాకులు బాగుచేసిన చెయ్యి మరి! రిటైరయ్యాక ఈ షూటింగ్ క్లబ్బులో పిల్లలకు నేర్పుతున్నాడు.

"డూప్లికేట్ అంటే అన్నీ చెడ్డవే కాదు పాపా. మెరుపు చూసి కొనకూడదు. లోపల స్ప్రింగు గట్టిగా ఉండాల. గుండును పట్టుకునే పై పెదాలు వంకర పోకూడదు. ఒక్కోదాంట్లో నూరు గుండ్లన్నా కాల్చి చూడాల. రెండుసార్లు ఇరుక్కునిందా, అది పోటీకి పనికిరాదు."

"ఇందులో ఎన్ని మంచివి మామా?" అడిగింది నిర్మలతో పాటే నేర్చుకునే లోకేశ్వరి.

"రెండు. మిగతా రెండూ ఎప్పుడు చెయ్యిస్తాయో చెప్పలేము."

ఒరిజినల్ మ్యాగజైన్లు పరదేశం నుంచి రావాలి. అవి వచ్చేసరికి సెలక్షన్ పోటీ అయిపోతుంది. ఆదివారమే పోటీ. జట్టులో ఉన్నది ఒకే చోటు. దాని కోసం పోరాడేది ఈ ఇద్దరే. నిర్మలకు ఇదే చివరి అవకాశం. ఈ చోటు దొరికితే క్రీడల కోటాలో ఉద్యోగం, దొరక్కపోతే వయసు దాటిపోతుంది, అంతే సంగతులు. ఇక లోకేశ్వరి బాహూరు పల్లె పిల్ల. తండ్రి లేడు, తల్లి నాట్లకు పోతుంది. రోజూ బస్సెక్కి వస్తుంది. ఇద్దరూ వాడేది క్లబ్బుకున్న ఒక్క పిస్తోలే. తలా రెండు మ్యాగజైన్లు.

టీ వేళకు పదిమందీ చేరారు. సెక్రటరీ గోవిందరాజన్ నవ్వుతూ అడిగాడు. "దొరైస్వామన్నా, మంచివి రెండూ ఎవురికి?"

దొరైస్వామి తడుముకోలేదు. "లోకేశ్వరికి. నాయిన లేని బిడ్డ. నా బిడ్డకు నేనుండానే!"

గోవిందరాజన్ లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు. "మనిషంటే నువ్వన్నా!" లోకేశ్వరి కళ్ళు తుడుచుకుంది. నిర్మలకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఊరందరి ముందూ ధర్మరాజు అనిపించుకోవడానికి కన్నకూతురి బతుకే దొరికిందా ఈయనకు!

సారం పేటలోని ఇంటికి చేరగానే తండ్రిని కడిగేసింది. "నేను నీ బిడ్డనేనా నాయినా? యాడైనా దొరికితే తెచ్చుకున్నావా?"

"నోరు మూసుకోని అన్నం తిను."

"ఏంది తినేది? ఆ చెడ్డవి పెట్టుకోని నేను యాడ గెలిచేది?"

"గెలుస్తావులే. దానితో కొట్లాటకు పోవద్దు, పదిమంది చూస్తారు," అని మాత్రం అన్నాడు దొరైస్వామి. ఆ మాట ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆదివారం పొద్దున క్లబ్బు బల్ల మీద దొరైస్వామి మ్యాగజైన్లు సర్దిన రెండు ప్లాస్టిక్ పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి, ఇద్దరి పేర్లు అంటించి. దొరైస్వామి గురి అట్టలు తగిలించడానికి వెళ్ళాడు. లోకేశ్వరి నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళింది. నిర్మల అటూ ఇటూ చూసింది. పాపం అనిపించకపోలేదు. ఆ పిల్ల పొద్దునే బస్సులో తెచ్చిన ఇడ్లీల్లో రెండు తనకే పెట్టింది కూడా. అయినా చేతులు ఆగలేదు. ఆ పెట్టెలోవి ఇందులోకి, ఇందులోవి అందులోకి మార్చేసి మూతలు పెట్టేసింది.

ముందు లోకేశ్వరి వంతు. ముప్పై గుండ్లూ గడగడా వెళ్ళిపోయాయి. ఒక్కటి ఆగితే ఒట్టు. నిర్మల ఆశ్చర్యపోయింది కానీ, దాని అదృష్టం బాగున్నట్టుంది అనుకుని సరిపెట్టుకుంది. తన చేతిలో మేలైన సరుకు ఉండగా బెంగ ఎందుకు?

తర్వాత నిర్మల వంతు, అదే పిస్తోలు. మొదటి విడత అయిదు గుండ్లూ బాగానే వెళ్ళాయి. రెండో విడతలో మూడో గుండు ఇరుక్కుంది. నియమం ప్రకారం ఒక్కసారి మళ్ళీ కాల్చనిచ్చారు. తర్వాతి విడతలో మళ్ళీ ఇరుక్కుంది. ఇక మాఫీ లేదు, పేలని గుండుకల్లా సున్నా. రెండో మ్యాగజైన్ ఎక్కించింది. అదీ ఇరుక్కుంది. వెనకాల ఎవరో "అయ్యో పాపం" అనడం ఆమెకు వినిపించింది.

గెలిచిన లోకేశ్వరి పరుగున వచ్చి దొరైస్వామి కాళ్ళ మీద పడింది. "నీ బిడ్డ నోటికాడిది తీసి నాకు పెట్టినావు మామా! నా తోలుతో చెప్పులు కుట్టించినా నీ రుణం తీరదు." గోవిందరాజన్ కళ్ళు ఒత్తుకుంటూ ఆయనకు శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్లలో ఫోటోలు తీశారు. దొరైస్వామి మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. కూతురి ఓటమికి కుమిలిపోతున్నాడనుకున్నారు అందరూ.

జనం పలచబడ్డాక ఆయన నిర్మల దగ్గరికి వచ్చాడు. ఆమె చేతిలోని మ్యాగజైన్ లాక్కుని బొటనవేలితో తడిమాడు.

"ఇది నీ చేతికి ఎట్ల వచ్చింది?"

నిర్మల ఇక ఆపుకోలేకపోయింది. భోరుమంది. "నా కొవ్వుకు దేవుడు తగిన శాస్తి చేసినాడు నాయినా! నువ్వు దానికి మంచివి ఇస్తావుండావని ఓర్చుకోలేక, పొద్దున నేనే పెట్టెల్లోవి మార్చేసినా. దానివి నేను తీసుకున్నా, నావి దానికి పెట్టినా. అయినా మంచివి ఎట్ల ఇరుక్కునె నాయినా?"

దొరైస్వామి చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. శాలువా భుజం మీంచి జారిపోతున్నా పట్టించుకోకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"మంచివి నీ పెట్టెలోనే పెట్టినానే, పాపా."