ప్రాంతీయ వేషధారణ

"గేటు తీసుకొని లోపలికి ఎవరు రమ్మన్నరు నిన్ను?"

ఫెవికాల్ డబ్బా చేతిలో అలాగే పట్టుకొని అడిగింది ఎలిశిబా.

వచ్చినవాడు శాలువాలు అమ్ముకునేవాడు. ఏటా చలికాలం మెదక్ వీధుల్లో తిరిగే కొండ ప్రాంతపు వాళ్లలో ఒకడు. భుజం మీద పెద్ద మూట, ఒంటి నుంచి తడిసిన గొర్రె వాసన. ఊరందరికీ స్వెట్టర్లు అమ్మేవాడి స్వెట్టరుకు మాత్రం మోచేతుల దగ్గర రెండు కిటికీలు.

"శాల్ చూడండి, బెహన్‌జీ."

"వద్దు. పో."

ఆమెకు తీరిక లేదు. తెల్లారితే బడిలో నిస్సి ప్రాజెక్టు ఇవ్వాలి. ఏడో తరగతి చదివేది నిస్సి కాబట్టి ప్రాజెక్టు నిస్సిది. నిస్సి తల్లి ఎలిశిబా కాబట్టి పని ఎలిశిబాది. పోయినేడు ఫస్టు ప్రైజు వెనక వీధి యాదలక్ష్మికి వచ్చింది. అంటే, యాదలక్ష్మి కొడుక్కి.

వరండాలో చార్టు పరిచి ఉంది. పైన 'హిమాలయ ప్రాంతం: ఒక పరిచయం'. కింద భౌగోళిక స్వరూపం, వారసత్వం, చూడదగ్గ ప్రదేశాలు. మెదక్ ఖిల్లా సగం ఎక్కితేనే మోకాళ్లు పట్టుకునే ఎలిశిబా, హిమాలయాల గురించి మాత్రం ఎక్కడా ఆగకుండా రాసుకుపోయింది. మంచు శిఖరాలు, దేవదారు అడవులు, చెక్క ఇళ్లు. 'కొండ ప్రజలు అతిథి మర్యాదకు పెట్టింది పేరు' అనే వాక్యం ఎర్ర స్కెచ్చుతో అప్పుడే పూర్తయింది.

"కొంచెం నీళ్లు" అన్నాడతను.

"బయట బోరింగు ఉంది, తాగు."

అతను కదల్లేదు. చార్టు వైపే చూస్తున్నాడు. మూట కింద పడేసి, మట్టి బూట్లతోనే మెట్టెక్కి, చార్టు పక్కన కూలబడ్డాడు.

"ఏంది గది? లే ముందు."

అతను చూస్తున్నది ఒక ఫొటోను. ట్రావెల్స్ వాళ్లు పంచిన క్యాలెండర్లోంచి ఎలిశిబా కత్తిరించి అంటించింది. కొండ వాలు మీద ఊరు, ముందు ఒక చెక్క ఇల్లు, గడపలో నీలం గౌను, వెండి నగలతో నవ్వుతున్న ఆడమనిషి. కింద ఎలిశిబా గుండ్రటి అక్షరాలు: 'ప్రాంతీయ వేషధారణ'.

అతను ముక్కు ఎగబీల్చాడు. అరచేత్తో ముఖమంతా తుడుచుకున్నాడు. ఆ తడి చేతినే, నల్లటి గోళ్లతో సహా, తీసుకెళ్లి ఫొటో మీద పెట్టాడు.

ఎలిశిబా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"థూ. చీమిడి చెయ్యి పెడ్తవా దాని మీద?"

"బెహన్‌జీ, ఈ ఫోటో నాకు ఇవ్వండి."

"నీకెందుకు?"

అతను మూట విప్పి అడుగు నుంచి ఒక శాలువా లాగాడు. అంచంతా చేతికుట్టు.

"ఇది తీసుకోండి. ఫోటో ఇవ్వండి."

ఊరికే వచ్చిన క్యాలెండర్ బొమ్మకు అంత శాలువానా? ఎలిశిబా అనుమానంగా చూసింది. అప్పుడు కనిపించింది అతని బొటనవేలు. ఊరి మీద లేదు, కొండ మీద లేదు. ఆ ఆడమనిషి చెంప మీద మెల్లగా కదులుతోంది.

ఆమెకు ఒళ్లంతా జెర్రి పాకినట్టయింది.

"సిగ్గు లేదు? ఆడోళ్ల బొమ్మ కనవడితే చాలు, మొగోళ్లకు. నడు బయటికి. మా ఆయనను పిలవాల్నా?"

ఆ ఆయన బెంజమిన్ అప్పుడు రామాయంపేటలో ఉన్నాడు. ఆ సంగతి ఇతనికి తెలియదు కాబట్టి ఇబ్బంది లేదు.

అతను రెండు చేతులూ జోడించాడు. ఆమె గేటు వైపు చూపించింది. అతను వెళ్లిపోయాడు.

ఎలిశిబా ఆ ఫొటోను పీకింది. చేత్తో తాకబుద్ధి కాక పట్టుకారుతో పట్టుకెళ్లి, వీధిలోకొచ్చిన చెత్త బండిలో వేసింది. వరండా అంతా ఫినాయిల్‌తో కడిగింది. చార్టులో మిగిలిన ఖాళీలో జడల బర్రె బొమ్మ అంటించింది. బర్రెను చూసి ఎవరూ వెకిలి వేషాలు వెయ్యరు.

సాయంత్రం పక్కింటి హలీమా వచ్చింది. శాలువాల వాళ్లకు ఏటా గది కిరాయికిచ్చేది ఆమే.

"అక్కా, పొద్దుగాల మా శాలువలాయన మీ ఇంటికొచ్చిండంట గదా."

"వచ్చిండు. గసొంటోనికి రూమెట్ల ఇచ్చినవ్, హలీమా? ఆడోళ్ల బొమ్మ చూసి సొల్లు కార్చుకుంటుండు."

హలీమా ఆ మాట పట్టించుకోలేదు.

"జర ఆ ఫోటో ఇయ్యక్కా. మనిషి పొద్దటి సంది అన్నం ముట్టలేడు."

"ఇంకెక్కడిది? చెత్త బండిల వేసిన."

హలీమా గోడకు ఆనుకుంది. మెల్లగా చెప్పింది.

"పోయిన వానకాలం వాళ్ల ఊరి మీద కొండ జారి పడ్డదక్కా. ఈయన సరుకు తేనీకి కిందికి దిగిండంట. తిరిగొచ్చేటాలకు ఇల్లు లేదు, ఊరు లేదు. ఉన్నది బటన్ల ఫోను, అండ్ల ఒక్క ఫోటో సుత లేదు."

"గట్లయితే నోరు తెరిచి చెప్పొద్దా?" అంది ఎలిశిబా, తప్పు ఇంకా అతని వైపే ఉంచాలని చూస్తూ. "అయినా ఊరి ఫోటోకు గింత పరేషానెందుకు? ఫోన్ల కొడితే పది వస్తయి. ప్రింటు తీపించి నేనే ఇస్త."

"ఊరివి వస్తయక్కా" అంది హలీమా. "గడపల నవ్వుకుంట నిలవడ్డామె ఆయన పెండ్లాం."