బాగానే ఉన్నడు

“బావా, ఆయనకు ఎట్లుంది?” మెల్‌బోర్న్ నుంచి ఫోన్‌లో తమ్ముడి భార్య రసజ్ఞ ఆత్రంగా అడిగింది.

కోకాపేట దవాఖానలో తమ్ముడి మంచం పక్కన విద్యాసాగర్ పళ్లు బిగించాడు. తమ్ముడు గట్టెక్కడం కష్టమని డాక్టర్ ఇప్పుడే చెప్పి వెళ్లాడు. నిరుడు తాను డబ్లిన్‌లో ఉండగా భార్య మంచం పడితే, “అక్క బాగానే ఉంది” అని రోజూ నమ్మబలికింది ఈ రసజ్ఞే. అతను శంషాబాద్‌లో దిగేసరికి చితి కూడా చల్లారింది.

దెబ్బకు దెబ్బ!

“బాగానే ఉన్నడమ్మా. ఫికర్ చెయ్యకు, రాకు,” అన్నాడు తీయగా.

మంచం మీది మహిపాల్ అతని చెయ్యి పట్టుకుని గుసగుసగా అన్నాడు. “మంచిగ చెప్పినవ్ అన్నా. అది ఒక్కతే అంత దూరం ఏడ్చుకుంట రావద్దు. నా మీద ఒట్టు, నిజం చెప్పకు.”

విద్యాసాగర్ ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకున్నాడు.

“రసజ్ఞా, నిరుడు నీతోని అట్ల చెప్పించింది ఎవరు?”

“అక్కనే బావా. ఒట్టు పెట్టించుకున్నది.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నన్ను తిడితే తిట్టిన్రు. పోయిన అక్కను తిట్టుకోవద్దని.”

అతను తమ్ముడి పట్టులోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు.

“వీనికి అస్సలు బాగలేదు తల్లీ. బట్టలు గిట్ల సర్దకు. ఇప్పుడే ఎయిర్‌పోర్టుకు పో.”